ఇన్‌స్టంట్ యాకిసోబా

ఇన్‌స్టంట్ యాకిసోబా జపాన్‌లో రూపొందిన ఒక తక్షణ ఆహార పదార్థం. జపాను వారి వేపుడు నూడుల్స్ అయిన యాకిసోబాను ఇంటిలో కొద్ది నిమిషాలలో సిద్ధం చేసుకోవడానికి వీలుగా దీనిని కర్మాగారాలలో తయారుచేసి అమ్ముతారు. ఇది ముఖ్యంగా రెండు రూపాలలో లభిస్తుంది. ఒకటి పెనం మీద వండుకొనే ప్యాకెట్ రకం, రెండవది వేడినీరు పోసి, ఆ నీటిని వంపివేసి, సాస్ కలుపుకొనే కప్పు రకం. పేరులో "వేపుడు" అనే అర్థం ఉన్నప్పటికీ కప్పు రకాన్ని ఇంటిలో వేయించే పని ఉండదు. నూడుల్స్‌ను వేయించే పని కర్మాగారంలోనే పూర్తవుతుంది. ఇంటిలో జరిగేది నీటిని చేర్చడం, మిగిలిన నీటిని తొలగించడం మాత్రమే. అందువల్ల ఈ వంటకం రుచి, భద్రత రెండూ నీటిని ఎంత పోశారు, ఎప్పుడు వంపారు అనే విషయాలపై ఆధారపడి ఉంటాయి.

పేరు

జపనీయ భాషలో "యాకి" అంటే కాల్చిన లేదా వేయించిన అని అర్థం. "సోబా" అనేది బక్‌వీట్ (ఉత్తర భారతదేశంలో కుట్టు అని పిలిచే గింజ) పిండితో చేసే నూడుల్స్ పేరు. కాని యాకిసోబాలో బక్‌వీట్ వాడరు. ఇందులో వాడేవి చైనా పద్ధతిలో గోధుమ పిండితో చేసిన నూడుల్స్. చైనా పద్ధతి నూడుల్స్‌ను జపాన్‌లో ఒకప్పుడు "చైనా సోబా" అనే అర్థం వచ్చే పేర్లతో పిలిచేవారు. ఆ వాడుక వల్లనే ఈ వంటకం పేరులో సోబా అనే మాట నిలిచిపోయింది.

యాకిసోబా

నూడుల్స్‌ను క్యాబేజీ, క్యారెట్, ఉల్లిపాయ, పంది మాంసపు ముక్కలతో కలిపి వేడి ఇనుప పలక మీద వేయించి, తీపి, పులుపు కలిసిన చిక్కని సాస్ పట్టిస్తే యాకిసోబా తయారవుతుంది. ఈ సాస్ ఇంగ్లండుకు చెందిన వూస్టర్‌షైర్ సాస్‌ను అనుసరించి జపాన్‌లో రూపొందింది. ఇందులో కూరగాయలు, పండ్లు, వెనిగర్, పంచదార, ఉప్పు, సుగంధ ద్రవ్యాలు ఉంటాయి. వడ్డించేటపుడు పైన అఓనోరి (ఆకుపచ్చని సముద్రపు నాచు పొడి), బెనిషోగా (ఎర్రని అల్లం ఊరగాయ), కాట్సువోబుషి (ఎండబెట్టిన చేప నుండి తీసిన పలుచని పొరలు) చల్లుతారు.

సాస్ యాకిసోబాను రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే టోక్యోలోని అసాకుసా ప్రాంతంలో అమ్మేవారు. యుద్ధానంతరం ఇది దేశమంతటా వ్యాపించింది. జాతరలు, పాఠశాల ఉత్సవాలు జరిగే చోట్ల యాకిసోబా బండ్లు సాధారణంగా కనిపిస్తాయి. ప్రాంతాన్ని బట్టి తేడాలు కూడా ఉన్నాయి. షిజువోకా ప్రాంతంలోని ఫుజినోమియా యాకిసోబా, అకితా ప్రాంతంలోని యొకోతె యాకిసోబా ప్రసిద్ధమైనవి. యొకోతె రకానికి పైన సగం ఉడికిన గుడ్డు అట్టు వేస్తారు. జపాన్‌లో స్థానిక వంటకాలకు నిర్వహించే బి-1 గ్రాండ్ ప్రి పోటీలో ఫుజినోమియా యాకిసోబా 2006, 2007 సంవత్సరాలలోనూ, యొకోతె యాకిసోబా 2009లోనూ మొదటి స్థానం పొందాయి.

చరిత్ర

తక్షణ నూడుల్స్‌కు ఆద్యుడు మొమోఫుకు ఆందో (1910–2007). నిస్సిన్ సంస్థ స్థాపకుడైన ఆయన ఒసాకా సమీపంలోని ఇకెదా పట్టణంలో, తన ఇంటి వెనుక ఉన్న చిన్న పాకలో ప్రయోగాలు చేసి, నూడుల్స్‌ను నూనెలో వేయించి ఆరబెట్టే పద్ధతిని కనిపెట్టాడు. భార్య టెంపురా వేయిస్తుండగా చూసినపుడు ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఈ పద్ధతిలో తయారైన చికిన్ రామెన్ 1958 ఆగష్టు 25న మార్కెట్లోకి వచ్చింది. అది చారుతో తినే రకం.

చారు లేని రకం 1963లో వచ్చింది. ఆ సంవత్సరం నిస్సిన్ సంస్థ పెనం మీద చేసుకొనే నిస్సిన్ యాకిసోబా ప్యాకెట్‌ను విడుదల చేసింది. 1971 సెప్టెంబరు 18న అదే సంస్థ కప్ నూడుల్‌ను విడుదల చేయడంతో గిన్నె, పొయ్యి అవసరం లేకుండా, వచ్చిన పాత్రలోనే నూడుల్స్ తయారుచేసుకొనే పద్ధతి మొదలైంది. 1970ల మధ్యకాలంలో ఈ పద్ధతిని యాకిసోబాకు కూడా వర్తింపజేశారు. ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది. చారు రకంలో పోసిన నీరంతా ఆహారంలో భాగమే. యాకిసోబాలో నూడుల్స్ మెత్తబడిన తరువాత మిగిలిన నీరు బయటకు పోవాలి, నూడుల్స్ మాత్రం లోపలే ఉండాలి. ఇందుకోసం వెడల్పైన పాత్ర, నీరు వంపడానికి వీలైన మూత రూపొందాయి.

మారుకా ఫుడ్స్ సంస్థ పెయాంగ్ సాస్ యాకిసోబాను 1975లో, నిస్సిన్ సంస్థ యాకిసోబా యు.ఎఫ్.ఓ.ను 1976లో విడుదల చేశాయి. తోయో సుయిసాన్ సంస్థ మారుచాన్ పేరుతో మూడు వంతుల నూడుల్స్, పొడి సాస్ కలిపిన యాకిసోబాను 1975లో విడుదల చేసింది. ఇది ఎండబెట్టినది కాదు. ఆవిరిపై ఉడికించిన నూడుల్స్ కావడం వల్ల శీతల పెట్టెలో ఉంచి అమ్ముతారు.

నూడుల్స్ తయారయ్యే విధానం

గోధుమ పిండికి నీరు, ఉప్పు, కాన్‌సుయ్ అనే క్షార ద్రావణం చేర్చి ముద్దగా కలుపుతారు. కాన్‌సుయ్‌లో ముఖ్యంగా పొటాషియం కార్బొనేట్, సోడియం కార్బొనేట్ ఉంటాయి. నూడుల్స్‌కు పసుపు రంగు, సాగే గుణం దీనివల్లనే వస్తాయి. తరువాతి దశలు ఇవి:

* పిండి ముద్దను రోలర్ల మధ్య పలుచని పట్టీగా నొక్కి, సన్నని పోగులుగా కోస్తారు.
* పోగులను ఆవిరిపై ఉడికిస్తారు. ఈ దశలో పిండిపదార్థం నీటిని పీల్చుకొని ఉబ్బి, తినడానికి వీలుగా మారుతుంది.
* ఒక్కొక్క వంతును అచ్చులో ఉంచి, సుమారు 140 నుండి 160 డిగ్రీల సెల్సియస్ వేడి గల నూనెలో ఒకటి, రెండు నిమిషాలు వేయిస్తారు. దీనికి సాధారణంగా పామాయిల్ వాడతారు.
* చల్లార్చి, సాస్, ఎండు కూరగాయల పొట్లాలతో కలిపి ప్యాక్ చేస్తారు.

నూనెలో వేయించినపుడు నూడుల్స్‌లోని నీరు ఒక్కసారిగా ఆవిరై బయటకు పోతుంది. ఆ నీరు ఉన్నచోట కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. ఇంటిలో వేడినీరు పోసినపుడు ఆ రంధ్రాల ద్వారానే నీరు లోపలికి చేరుతుంది. ఉడికించే పని ముందుగానే జరిగిపోవడం, నీరు చేరే దారి సిద్ధంగా ఉండడం, ఈ రెండు కారణాల వల్ల మూడు నిమిషాలలో నూడుల్స్ మెత్తబడతాయి. నీటిలో తగినంత వేడి లేకపోతే పోగుల మధ్యభాగం గట్టిగా ఉండిపోతుంది.

ఇంటిలో తయారుచేసే పద్ధతి

కప్పు రకం

సాధారణ పరిమాణం గల కప్పుకు సుమారు అర లీటరు నీరు అవసరం. కప్పు లోపలి గోడపై నీరు ఎంతవరకు పోయాలో తెలిపే గీత ఉంటుంది.

# మూతను గుర్తు ఉన్నంతవరకు మాత్రమే తెరవాలి. లోపలి పొట్లాలన్నీ బయటకు తీయాలి.
# "కయాకు" అనే ఎండు కూరగాయల పొట్లాన్ని విప్పి కప్పులో వేయాలి. ఈ ముక్కలను నూడుల్స్ దిమ్మ అడుగున వేస్తే నీరు వంపేటపుడు మూతకు అంటుకోకుండా, రంధ్రాల గుండా జారిపోకుండా ఉంటాయి.
# సలసల మరుగుతున్న నీటిని గీత వరకు పోసి మూత వేయాలి.
# కప్పుపై తెలిపిన సమయం (ఎక్కువ రకాలకు మూడు నిమిషాలు) వేచి ఉండాలి.
# మూతపై నీరు వంపే వైపున్న పట్టీని తీసి, కప్పును రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, నెమ్మదిగా వంచి నీటిని పూర్తిగా వంపివేయాలి.
# మూత తీసి, సాస్ పోసి, అడుగు నుండి పైకి బాగా కలపాలి. చివరగా నాచు పొడి వంటి పై పొడులు చల్లాలి.

సాస్‌ను నీరు వంపిన తరువాత మాత్రమే వేయాలి. చారు నూడుల్స్‌కు అలవాటుపడినవారు అన్ని పొట్లాలను ఒకేసారి వేసి నీరు పోయడం కద్దు. అలా చేస్తే నీటితో పాటు సాస్ కూడా కొట్టుకుపోయి చప్పని నూడుల్స్ మాత్రమే మిగులుతాయి.

ప్యాకెట్ రకం

పెనంలో గాని, వెడల్పైన మూకుడులో గాని ప్యాకెట్‌పై చెప్పిన కొలత ప్రకారం నీరు (సాధారణంగా 200 నుండి 250 మిల్లీలీటర్లు) మరిగించి, నూడుల్స్ దిమ్మను వేయాలి. కొద్దిసేపటి తరువాత తిరగవేసి, పోగులను విడదీస్తూ నీరంతా ఇంకిపోయే వరకు ఉడికించాలి. నీరు ఇంకిన తరువాత మంట తగ్గించి పొడి సాస్ చల్లి, త్వరగా కలిపి దించాలి. ఇందులో నీటిని వంపివేసే పని లేదు కాబట్టి కొలత ముఖ్యం. నీరు ఎక్కువైతే నూడుల్స్ ముద్దవుతాయి, తక్కువైతే అడుగంటుతాయి. క్యాబేజీ, ఉల్లికాడలు వంటివి కలపదలిస్తే వాటిని ముందుగా విడిగా వేయించి పక్కన పెట్టుకొని, చివరలో చేర్చాలి. పచ్చి కూరగాయలను నూడుల్స్‌తో పాటు వేస్తే వాటి నుండి ఊరే నీరు కొలతను మార్చివేస్తుంది.

అమెరికాలో మారుచాన్ పేరుతో అమ్మే యాకిసోబా పద్ధతి వేరు. అందులో గీత వరకు నీరు పోసి మైక్రోవేవ్ ఓవెన్‌లో ఉడికిస్తారు, నీటిని వంపరు. జపాన్ నుండి వచ్చే కప్పులకు ఈ పద్ధతి వర్తించదు. వాటిలో చాలావాటిపై మైక్రోవేవ్‌లో పెట్టరాదనే హెచ్చరిక ఉంటుంది.

సాధారణంగా ఎదురయ్యే లోపాలు

* నూడుల్స్ మధ్యలో గట్టిగా ఉండడం: నీరు మరగకపోవడం, లేదా గీత కంటే తక్కువ పోయడం.
* మెత్తబడి ముద్దగా మారడం: సమయం మించిన తరువాత నీరు వంపడం. నీరు వంపిన తరువాత కూడా వేడికి నూడుల్స్ ఇంకా మెత్తబడతాయి. అందువల్ల కొందరు కొన్ని క్షణాలు ముందుగానే వంపుతారు.
* సాస్ పలుచబడడం: నీరు పూర్తిగా పోకపోవడం. చివరలో కప్పును ఒకటి రెండుసార్లు మెల్లగా విదిలిస్తే అడుగున నిలిచిన నీరు పోతుంది.
* రుచి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉండడం: సాస్‌ను ఒకేచోట పోసి సరిగా కలపకపోవడం. నూడుల్స్ చల్లారకముందే కలపాలి.

నీరు వంపేటపుడు స్టెయిన్‌లెస్ స్టీలు సింకు నుండి "బెకొన్" అని పెద్ద చప్పుడు రావడం జపాన్ ఇళ్ళలో అందరికీ తెలిసిన విషయం. వేడినీరు పడినచోట పలుచని ఉక్కు రేకు వేగంగా వ్యాకోచించి, ఒక్కసారిగా వంగడం దీనికి కారణం. కుళాయి తిప్పి చన్నీరు పారుతుండగా వంపితే ఈ చప్పుడు రాదు.

ప్రసిద్ధ రకాలు

* పెయాంగ్ సాస్ యాకిసోబా: గున్మా ప్రాంతంలోని ఇసెసాకి పట్టణానికి చెందిన మారుకా ఫుడ్స్ తయారీ. చదరపు పాత్రలో వస్తుంది. తూర్పు జపాన్‌లో ఎక్కువ ప్రసిద్ధం. యువ జంటలు కలిసి తినాలనే ఉద్దేశంతో "పెయిర్", "యంగ్" అనే మాటలను కలిపి ఈ పేరు పెట్టారు. 2014 డిసెంబరులో ఒక వినియోగదారుడు కప్పులో పురుగు ఉన్నట్లు ఫొటోను సామాజిక మాధ్యమంలో పెట్టిన తరువాత సంస్థ ఉత్పత్తిని నిలిపివేసి, 2015లో అమ్మకాలు తిరిగి ప్రారంభించింది. అప్పటి నుండి నొక్కి పెట్టే మూతకు బదులు అంచుకు అతికించిన మూత వాడుతున్నారు.
* నిస్సిన్ యాకిసోబా యు.ఎఫ్.ఓ.: గుండ్రని పాత్రలో వస్తుంది. ఆకారం ఎగిరే పళ్ళేన్ని పోలి ఉంటుంది. "ఉమాయ్" (రుచికరం), "ఫుతోయ్" (లావు), "ఓకీ" (పెద్దది) అనే మూడు మాటల మొదటి అక్షరాలుగా కూడా ఈ పేరును వివరిస్తారు.
* యాకిసోబా బెంతో: తోయో సుయిసాన్ సంస్థ హొక్కయిదో ద్వీపంలో అమ్మే రకం. దీనితో చారు పొడి పొట్లం కూడా వస్తుంది. నూడుల్స్ నానిన నీటిని పారబోయకుండా ఆ పొడిపై పోసి చారుగా తాగుతారు.
* ఇప్పెయి-చాన్: మ్యోజో సంస్థ తయారీ. ఆవాలు కలిపిన మయొనైజ్ దీని ప్రత్యేకత.

పోషక విలువలు, ఉప్పు

సాధారణ పరిమాణం గల కప్పులో 500 కిలోకేలరీలకు పైగా శక్తి ఉంటుంది. ఇందులో ఎక్కువ భాగం గోధుమ పిండి, నూనెల నుండి వస్తుంది. మాంసకృత్తులు, పీచు పదార్థం, విటమిన్లు తక్కువ. ఎండు కూరగాయల ముక్కలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి వాటిని కూరగాయల భోజనంగా లెక్కించడానికి వీలులేదు.

ఉప్పు విషయంలో చారు నూడుల్స్‌కు, యాకిసోబాకు ఒక ముఖ్యమైన భేదం ఉంది. చారు రకంలో ఉప్పులో చాలా భాగం చారులోనే ఉంటుంది. చారు తాగకుండా వదిలివేస్తే ఆ మేరకు ఉప్పు తగ్గుతుంది. యాకిసోబాలో వంపివేసే నీటితో నూడుల్స్‌లోని కొంత ఉప్పు, పైపై నూనె మాత్రమే పోతాయి. సాస్‌ను ఆ తరువాత కలుపుతారు కాబట్టి అందులోని ఉప్పంతా నూడుల్స్‌కు పట్టి కడుపులోకి చేరుతుంది. దానిని తగ్గించడానికి ఉన్న మార్గం సాస్ మొత్తం వాడకపోవడమే. ఇంటిలో వేయించిన క్యాబేజీ, మొలకలు చేర్చి అదే సాస్‌ను ఎక్కువ ఆహారానికి సర్దుకోవచ్చు.

రకాన్ని బట్టి ఒక కప్పులో సుమారు 3 నుండి 6 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దలు రోజుకు తీసుకొనే ఉప్పు మొత్తం 5 గ్రాముల కంటే తక్కువగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. జపాన్ ప్యాకెట్లపై "ఉప్పుతో సమానమైన పరిమాణం" గ్రాములలో ముద్రిస్తారు. భారతదేశపు ప్యాకెట్లపై సోడియం మిల్లీగ్రాములలో ఉంటుంది. సోడియం విలువను 2.54తో గుణించి 1000తో భాగిస్తే ఉప్పు గ్రాములలో వస్తుంది. ఉదాహరణకు 1000 మిల్లీగ్రాముల సోడియం 2.54 గ్రాముల ఉప్పుతో సమానం. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఈ లెక్క ముఖ్యమైనది.

మారుకా ఫుడ్స్ 2018లో గిగామాక్స్ (2142 కిలోకేలరీలు), 2020లో పెటామాక్స్ (4184 కిలోకేలరీలు) అనే భారీ పరిమాణాలను విడుదల చేసింది. వీటిని ఒకరే తినే పోటీలు అంతర్జాలంలో ప్రచారం పొందాయి. పెటామాక్స్‌ను మాత్రం ఒక్కరే ఒకేసారి తినవద్దని దానిపైనే హెచ్చరిక ముద్రించారు.

శాకాహారులు, అలర్జీ ఉన్నవారు గమనించవలసినవి

భారతదేశంలో ఆహార ప్యాకెట్లపై శాకాహారాన్ని తెలిపే ఆకుపచ్చ గుర్తు తప్పనిసరి. జపాన్‌లో అమ్మే ప్యాకెట్లపై అటువంటి గుర్తు ఉండదు. పైన మాంసం ముక్కలు కనిపించని రకాలలో కూడా సాస్‌లోనో, నూడుల్స్‌లోనో పంది మాంసం, గొడ్డు మాంసం, కోడి, చేపల సారం కలిసి ఉండవచ్చు. కాబట్టి బొమ్మను చూసి నిర్ణయించరాదు, పదార్థాల పట్టికను చదవాలి. జపనీయ భాషలో "బుతా" లేక "పోకు" అంటే పంది, "గ్యూ" లేక "బీఫు" అంటే ఆవు మాంసం, "తోరి" లేక "చికిన్" అంటే కోడి, "ఎబి" అంటే రొయ్య, "సకనా" లేక "గ్యోకాయ్" అంటే చేపలు, సముద్రపు ఆహారం. భాష తెలియనివారు పట్టికను చదవగలిగినవారికి చూపించడం మంచిది.

గోధుమ, గుడ్లు, పాలు, బక్‌వీట్, వేరుశనగ, రొయ్యలు, పీతలు, వాల్‌నట్ వంటి అలర్జీ కారకాలను ప్యాకెట్‌పై తెలపడం జపాన్‌లో తప్పనిసరి. వీటిలో వాల్‌నట్‌ను 2023లో చేర్చారు. పేరులో సోబా ఉన్నంత మాత్రాన బక్‌వీట్ ఉన్నట్లు కాదు. అయితే గోధుమ పడనివారికి యాకిసోబా తగినది కాదు.

జాగ్రత్తలు

* నీరు వంపే సమయంలో మూత ఊడితే మరిగిన నీరు, నూడుల్స్ ఒక్కసారిగా చేతిపై పడతాయి. మూతను పూర్తిగా తెరవకుండా ఉంచడం, పిల్లలను దూరంగా ఉంచడం అవసరం. చేయి కాలితే వెంటనే 20 నిమిషాల పాటు పారే చల్లని కుళాయి నీటి కింద ఉంచాలి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, సిరా వంటివి రాయరాదు. బొబ్బలు పెద్దవిగా ఉన్నా, ముఖం కాలినా వైద్యుని సంప్రదించాలి.
* కప్పులను కలరా ఉండలు, కర్పూరం, అగరువత్తులు, సబ్బుల పక్కన నిల్వ చేయరాదు. వాటి వాసన కప్పు గోడల గుండా లోపలికి చేరి నూడుల్స్‌కు పడుతుంది. తెరిచినపుడు అటువంటి వాసన వస్తే పారవేయాలి.
* నూనెలో వేయించిన నూడుల్స్ ఎండ, వేడి తగిలితే ముక్కవాసన వస్తాయి. ముద్రించిన గడువు సాధారణంగా కప్పు రకానికి ఆరు నెలలు, ప్యాకెట్ రకానికి ఎనిమిది నెలలు ఉంటుంది.
* పాలీస్టైరీన్‌తో చేసిన కప్పులలో ఎగోమా నూనె, ఎం.సి.టి. నూనె వంటివి అదనంగా కలిపితే పాత్ర దెబ్బతిని కారే ప్రమాదం ఉంది. వీటిని కలపదలిస్తే నూడుల్స్‌ను వేరే గిన్నెలోకి మార్చుకోవాలి.

భారతదేశంలో

భారతదేశంలో తక్షణ నూడుల్స్ 1980లలో మ్యాగీ ద్వారా ఇంటింటికీ పరిచయమయ్యాయి. నిస్సిన్ సంస్థ 1988లో ఇండో నిస్సిన్ పేరుతో భారతదేశంలో అనుబంధ సంస్థను ఏర్పరచి, 1991లో టాప్ రామెన్‌ను విడుదల చేసింది. ఇవి కొద్దిపాటి నీటితో ఉడికించి, మసాలా కలిపి తినే రకాలు. వీటిలో నీటిని వంపివేసే అలవాటు లేకపోవడం వల్ల జపాన్ కప్పు మొదటిసారి చేతికి వచ్చినపుడు నీటిని ఉంచాలా, వంపాలా అనే సందేహం కలగడం సహజం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాలలో ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద చేసే నూడుల్స్ పద్ధతి అసలైన యాకిసోబాకు దగ్గరగా ఉంటుంది. రెండింటిలోనూ ముందుగా ఉడికించిన నూడుల్స్‌ను క్యాబేజీ, క్యారెట్‌తో కలిపి పెద్ద మంటపై వేయిస్తారు. బండ్ల నూడుల్స్‌లో సోయా సాస్, వెనిగర్, మిరప సాస్‌ల వల్ల కారం, పులుపు ముందుకు వస్తాయి. యాకిసోబాలో పండ్లు, కూరగాయల సాస్ వల్ల తీపి, పులుపు ముందుకు వస్తాయి, కారం దాదాపు ఉండదు.

జపాన్ సాస్ దొరకనిచోట వూస్టర్‌షైర్ సాస్, టమాటా కెచప్, కొద్దిగా సోయా సాస్, చిటికెడు పంచదార కలిపి దగ్గరి రుచిని తెచ్చుకోవచ్చు. ఇంగ్లండు పద్ధతి వూస్టర్‌షైర్ సాస్‌లో ఆంకోవీ అనే చిన్న చేపలు ఉంటాయి కాబట్టి శాకాహారులు సీసాపై గుర్తును చూసి కొనాలి.

ఇవి కూడా చూడండి

* నూడుల్స్
* రామెన్
* మొమోఫుకు ఆందో
* జపాన్ వంటకాలు
* సేమ్యా